యుద్ధం చేసిన గాయాన్ని చెప్పడానికి సినిమాకు దయ్యం ఎందుకు కావలసి వస్తోంది?

ప్రశ్న: ఉత్తరపు గది

మిత్రులకు నమస్కారం. గత నెలలో బాబక్ అన్వరీ తొలి చిత్రం ‘అండర్ ద షాడో’ (2016) చూశాను. అప్పటి నుంచి ఒక ప్రశ్న నన్ను వదలడం లేదు. సినిమాను శ్రద్ధగా చూసేవారు ఇక్కడ చాలామంది ఉన్నారు కాబట్టి మీ ముందు పెడుతున్నాను.

చూడనివారి కోసం కథ క్లుప్తంగా చెబుతాను. అది 1988, టెహ్రాన్ నగరం. 1980లో మొదలైన ఇరాన్–ఇరాక్ యుద్ధం చివరి ఏడాదికి వచ్చింది. ఆ ఫిబ్రవరి ఆఖరు నుంచి ఏప్రిల్ దాకా ఇరాక్ ప్రయోగించిన క్షిపణులు నేరుగా టెహ్రాన్ మీదే పడ్డాయి. షీదే ఒకప్పుడు వైద్య విద్యార్థిని. విప్లవకాలంలో వామపక్ష విద్యార్థుల వెంట తిరిగిందన్న కారణంతో ఆమెను మళ్ళీ చదువులో చేర్చుకోరు. డాక్టరైన భర్తను సైన్యం యుద్ధరంగానికి పిలిపించుకుంటే, చిన్న కూతురు దోర్సాతో ఆమె అపార్ట్‌మెంటులో మిగిలిపోతుంది. ఒకరోజు ఒక క్షిపణి పై వాటాలోకి దూసుకొచ్చి, పేలకుండా అక్కడే దిగబడిపోతుంది. వీళ్ళ ఇంటి పైకప్పు పగులుతుంది. ఆ తరవాత ఇంట్లోకి జిన్ను, అంటే గాలిలా వచ్చే దుష్టశక్తి, వచ్చిందని ముందు పిల్ల నమ్ముతుంది, మెల్లమెల్లగా తల్లీ నమ్ముతుంది.

నన్ను కదిలించింది ఆ జిన్ను కాదు. పేలుడుకు కిటికీ అద్దాలు పగిలి మీద పడకుండా వాటికి అడ్డంగా అంటించిన టేపు పట్టీలు. వాటిని చూడగానే నాకు మా అమ్మమ్మ గుర్తుకు వచ్చింది. ఆవిడ విశాఖపట్నంలో పుట్టి పెరిగింది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేసినప్పుడు ఆవిడకు తొమ్మిదేళ్ళు. ఊరు ఖాళీ అవుతుంటే వాళ్ళ నాన్నగారు కూడా ఇంటికి తాళం వేసి, ఎడ్లబండి మీద అందరినీ పల్లెకు తీసుకుపోయారట. ఆ సంగతులేవీ ఆవిడ మాకు పెద్దగా చెప్పలేదు. అయితే నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆవిడ పోయేదాకా, రాత్రిపూట విమానం చప్పుడు వినిపిస్తే చాలు, లేచి వెళ్ళి వరండాలో దీపం ఆర్పేసేది. ఎందుకమ్మమ్మా అని అడిగితే, “ఏమోనే, చెయ్యి దానంతట అదే పోతుంది” అనేది.

నా ప్రశ్న ఇది. దీపం ఆర్పే చెయ్యి, అద్దానికి టేపు అంటించే చెయ్యి ఉండగా మళ్ళీ దయ్యం ఎందుకు? యుద్ధం మనిషిని ఏం చేస్తుందో ఆ చేతులే చెబుతున్నాయి కదా. దయ్యాన్ని తెచ్చి పెట్టినప్పుడు ప్రేక్షకుడు దాని రూపం చూసి ఉలిక్కిపడి, అది పోగానే ఊపిరి పీల్చుకుని ఇంటికి వెళ్ళిపోతాడు. నిజమైన బాంబు వేసినవాళ్ళు, వేయించినవాళ్ళు ఆ భయం వెనక దాక్కుంటారేమోనని నా అనుమానం. నిషేధాల కళ్ళు కప్పడానికే దర్శకులు ఈ దారి పట్టారా, లేక దయ్యం లేకపోతే చెప్పలేని విషయం ఏదైనా నిజంగా ఉందా? తెలిసినవారు వివరంగా రాయగలరని కోరుతున్నాను.

సమాధానం: పాత రీలు

మీ ప్రశ్న చదివి నిన్న రాత్రి జపాన్ దర్శకుడు కెంజి మిజోగుచి తీసిన ‘ఉగెత్సు’ (1953) మళ్ళీ చూశాను. మీ అమ్మమ్మగారి చెయ్యి గురించి మీరు రాసినదానికి నాకు దొరికే సరైన సమాధానం ఆ సినిమా చివరి ఇరవై నిమిషాల్లోనే ఉంది కాబట్టి దాని దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను.

కథాకాలం పదహారో శతాబ్దం. బివా సరస్సు చుట్టుపక్కల పల్లెల మీద సైన్యాలు పడి దోచుకుంటున్న రోజులు. గెంజురో అనే కుమ్మరి, యుద్ధం వల్ల కుండలకు గిరాకీ పెరిగిందన్న ఆశతో భార్య మియాగిని, కొడుకును వదిలి పట్నానికి పోతాడు. అక్కడ వకాసా అనే గొప్పింటి యువతి మోహంలో పడతాడు. ఆమె నొబునాగా అనే యుద్ధప్రభువు సైన్యం చేతిలో నాశనమైన వంశానికి చెందిన ప్రేతం. చాలామంది ఈ సినిమా పేరు చెప్పగానే ఆమెనే తలుచుకుంటారు కానీ నా దృష్టిలో అసలు దయ్యం ఆమె కాదు. చంకలో తిండిమూట, వీపున పిల్లవాడితో కొండదారిన నడుస్తున్న మియాగిని ఆకలిగొన్న సైనికులు ఈటెతో పొడవడం మనం మధ్యలోనే చూస్తాం. ఆమె కర్ర ఊతంతో నాలుగడుగులు వేస్తుంది. అంతటితో ఆ దృశ్యం ఆగిపోతుంది. గెంజురోకు ఈ సంగతి ఏమీ తెలియదు.

చివరకు అతను రాత్రివేళ ఇల్లు చేరతాడు. తలుపు తోసి లోపలికి వస్తే ఇల్లు చీకటిగా, పాడుబడి ఉంటుంది. పొయ్యి చల్లారి ఉంటుంది. మియాగీ, మియాగీ అని పిలుస్తూ వెనక గుమ్మం గుండా బయటికి వెళ్ళి ఇంటి చుట్టూ తిరుగుతాడు. కెమెరా ఇంట్లోనే ఉండి, అతని వెంట మెల్లగా పక్కకు తిరుగుతుంది. అతను ముందు గుమ్మం దగ్గరికి వచ్చేసరికి కెమెరా కూడా అక్కడికి చేరుతుంది. ఇప్పుడు పొయ్యి వెలుగుతోంది, పక్కన మియాగి కూర్చుని వంట చేస్తోంది. మధ్యలో కత్తిరింపు లేదు, పొగమంచు లేదు, ఉలిక్కిపడేలా చేసే సంగీతం లేదు. కెమెరా అటు తిరిగి ఇటు వచ్చినంతలో చనిపోయిన మనిషి తన చోటికి వచ్చి కూర్చుంది. ఛాయాగ్రాహకుడు కజువో మియగావా ఈ ఒక్క కదలికతో సాధించినది మరే మాయతోనూ రాదని నేను గట్టిగా నమ్ముతాను. ఆమె భర్తకు అన్నం పెడుతుంది, సాకే పోస్తుంది, అతను క్షమించమని మొదలుపెడితే వద్దని వారిస్తుంది. తండ్రీకొడుకులు నిద్రపోయాక దీపం దగ్గర కూర్చుని అతని బట్టలు కుడుతుంది. తెల్లవారాక ఊరిపెద్ద పిల్లవాడిని వెతుక్కుంటూ వచ్చి, నీ భార్యను సైనికులు చంపేశారు కదా అని చెబుతాడు.

ఇది ఎవరి కోసం తీసిన సినిమా? అది విడుదలయ్యేనాటికి రెండో ప్రపంచయుద్ధం ముగిసి ఎనిమిదేళ్ళు. జపాన్‌లో లక్షల ఇళ్ళకు కొడుకుల, భర్తల అస్థికల పేరుతో తెల్లగుడ్డ చుట్టిన పెట్టెలు వచ్చాయి. చాలా పెట్టెల్లో అస్థికలు లేవు. ఒక రాయో, కాస్త ఇసుకో, పేరు రాసిన కాగితం ముక్కో ఉండేది. దేశం బయట చనిపోయినవారిలో దాదాపు 11 లక్షల మంది అవశేషాలు ఇప్పటికీ తిరిగి రాలేదు. మనకూ శవం దొరకనివారికి దర్భలతో బొమ్మ చేసి దహనం చేసే ఆచారం ఉంది. అది చేయించిన ఇళ్ళలో ఎవరినైనా అడగండి, చితికి నిప్పంటించాక కూడా గుమ్మం వైపు చూస్తూనే ఉంటారు. చావును తెర మీద చూపించడం మామూలు సినిమాకు చేతనవుతుంది. చావు కబురు సరిగ్గా అందని ఇంట్లో ఏళ్ళ తరబడి సాగే ఎదురుచూపును చూపించాలంటే మాత్రం, ఆ ఎదురుచూసిన మనిషి నిజంగా వచ్చి పొయ్యి దగ్గర కూర్చోవలసిందే. దయ్యం చేసే పని అదే. అక్కడ భయం చాలా చిన్న భాగం.

నిషేధాల సంగతి కూడా అడిగారు. అమెరికా ఆక్రమణ సాగినంతకాలం, అంటే 1952 ఏప్రిల్ దాకా, అణుబాంబు గురించి రాయడం మీద, చూపించడం మీద కట్టడి ఉన్న మాట నిజం. కానీ ఉగెత్సు ఆ కట్టడి తొలగిపోయాక వచ్చింది. అలాగే హిరోషిమాలో పుట్టిన కానెటో షిందో 1952లోనే అణుబాంబు మీద తిన్నగా ఒక సినిమా తీశాడు. అయినా 1964లో ‘ఒనిబాబా’కు వచ్చేసరికి ఆయన మళ్ళీ పద్నాలుగో శతాబ్దానికి, రెల్లుగడ్డి మధ్యలోని ఒక గోతికి, ముఖానికి అతుక్కుపోయిన రాక్షస ముసుగుకు వెళ్ళాడు. యుద్ధానికి పోయిన కొడుకు తిరిగి రాక, దారితప్పిన సైనికులను చంపి వారి కవచాలు అమ్ముకుని బతికే తల్లి ఆ ముసుగు వేసుకుంటుంది. వాన తడికి అది ఊడిరాదు. కోడలు సుత్తితో పగలగొట్టి తీస్తే కింద ముఖమంతా పుండు. ఆ ముఖాన్ని అణుబాంబు బాధితుల ముఖాలను మనసులో పెట్టుకుని తీర్చానని షిందోయే చెప్పాడు. తిన్నగా చెప్పే స్వేచ్ఛ ఉండి, ఒకసారి తిన్నగా చెప్పి కూడా, మళ్ళీ ఈ దారికి వచ్చాడంటే అది నిషేధానికి భయపడి కాదు.

సమాధానం: జడుపు మందు

నేను మానసిక వైద్యంలో ఇరవై ఏళ్ళుగా ఉన్నాను. పాత రీలు గారి మాటకు మా వైపు నుంచి కొంత చేర్చాలని అనిపించింది.

యుద్ధం నుంచి వచ్చినవాడి వణుకును వైద్యం చాలాకాలం సరిగా అర్థం చేసుకోలేదు. 1915లో చార్ల్స్ మైయర్స్ అనే వైద్యుడు ‘లాన్సెట్’ పత్రికలో ‘షెల్ షాక్’ అనే మాట వాడాడు. ఆ పేరులోనే పక్కన పేలిన గుండు అదుటుకు నరాలు దెబ్బతిన్నాయన్న ఊహ ఉంది. చాలామందిని పిరికివాళ్ళన్నారు. వియత్నాం నుంచి తిరిగివచ్చిన సైనికుల ఒత్తిడి కూడా తోడై, 1980లో అమెరికన్ మానసిక వైద్యుల సంఘం తన వ్యాధుల గ్రంథంలో ఇప్పుడు మనం పీటీఎస్‌డీ అంటున్నదానికి, అంటే ఘోరమైన అనుభవం తరవాత మనసులో మిగిలిపోయే ఒత్తిడి జబ్బుకు, చోటిచ్చింది. దాని ముఖ్య లక్షణం ఏమిటంటే, జరిగిపోయినది జ్ఞాపకంలా గుర్తుకు రాదు. ఇప్పుడే, ఈ గదిలోనే జరుగుతున్నట్టు వస్తుంది. ఆ అనుభవానికి తేదీ ఉండదు. మీ అమ్మమ్మగారు దీపం ఆర్పిన ప్రతిసారీ ఆవిడ చేతికి సంబంధించినంతవరకు అది 1942 ఏప్రిలే.

మన భాషలో దీనికి పాతమాట ఉంది. పిల్లవాడు జడుసుకున్నాడంటాం, జడుపు జ్వరమంటాం. వెంటనే ఎక్కడ జడుసుకున్నాడు, ఏం చూశాడు అని అడుగుతాం. భయానికి ఒక చోటు, ఒక రూపం ఉంటాయని ఆ అడగడంలోనే ఒప్పుకుంటాం. మా వార్డులో కూర్చుని మేము చేసే పని కూడా చాలావరకు అదే.

ఇక మీరు చూసిన టెహ్రాన్ సినిమా గురించి. అందులో జిన్నుకు ముఖం లేదు గమనించారా? చాలాచోట్ల అది ఇరాన్ ఆడవాళ్ళు ఒళ్ళంతా కప్పుకునే పూలపూల చాదర్‌లా మాత్రమే కనిపిస్తుంది, లోపల మనిషి లేని గుడ్డ. షీదే పిల్లను ఎత్తుకుని అర్ధరాత్రి ఇంట్లోంచి పరుగెత్తుతుంది. వీధిలోకి వచ్చేసరికి తలమీద ముసుగు లేదని కాపలావాళ్ళు పట్టుకుపోయి హెచ్చరించి పంపుతారు. ఇంట్లో ఒక గుడ్డ తరుముతోంది, బయట ఇంకో గుడ్డ లేదని శిక్ష. పైన పేలని క్షిపణి. వీటన్నిటి మధ్య, తల్లి తనకు ఇచ్చిన వైద్యగ్రంథాన్ని సొరుగులో పెట్టి తాళం వేసుకున్న ఆ మనిషికి, నేను మంచి తల్లిని కానేమో అన్న దిగులు అన్నిటికంటే పెద్దది. ఈ భయాలన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉంటాయి. నా ఎదుట కూర్చునేవారు కూడా వాటిని విడదీసి చెప్పలేరు. దర్శకుడు వాటన్నిటికీ కలిపి ఒకే ఒంటిని ఇచ్చాడు. టేపు అంటించే చెయ్యి క్షిపణి భయం ఒక్కదాన్నే చెప్పగలదు.

ఒక్క మనవి. దయ్యం అంటే జబ్బుకు మారుపేరు అని తేల్చేసి సినిమా చూడకండి. ఆ సినిమాలో జిన్ను గురించి దోర్సాకు మొదట చెప్పేది తల్లిదండ్రులను పోగొట్టుకుని మాట్లాడడం మానేసిన పక్కింటి పిల్లవాడు. అది ఒక తల్లి బుర్రలో పుట్టినది కాదు, ఆ భవనంలో ఇంటింటికీ పాకినది.

సమాధానం: రెండో ఆట

నేను ఉత్తరపు గది గారి అనుమానం వైపే ఉన్నాను. పై ఇద్దరూ రాసినది కాదనలేను కానీ, దయ్యం ఎప్పుడూ బాధితుల పక్షానే ఉంటుందన్నట్టు మాట్లాడుకుంటున్నాం. అది నిజం కాదు.

వియత్నాం యుద్ధంలో అమెరికా సైన్యపు మనోయుద్ధ విభాగం ఒక టేపు తయారుచేసింది. శవం దొరకక, అయినవాళ్ళ చేత కర్మ జరగక చనిపోయినవాడు దిక్కులేని ఆత్మగా తిరుగుతాడని వియత్నామీయుల నమ్మకం. ఆ నమ్మకాన్ని పట్టుకుని, చనిపోయిన సైనికుడు ఏడుస్తూ మీరైనా ఇంటికి వెళ్ళండని సహచరులను బతిమాలుతున్నట్టు, చిన్నపిల్ల నాన్నా అని పిలుస్తున్నట్టు గొంతులు రికార్డు చేసి, రాత్రిపూట అడవుల మీద లౌడ్‌స్పీకర్లతో వినిపించారు. ఆ టేపుకు ‘ఘోస్ట్ టేప్ నంబర్ 10’ అని పేరు పెట్టుకున్నారు. దయ్యాన్ని యుద్ధమే ఆయుధంగా వాడుకున్న చోట, దయ్యం ఎవరిది, దాన్ని పలికిస్తున్నది ఎవరు అని అడగకుండా ముందుకు పోలేం.

ఇదే ప్రశ్న ‘ఆర్ పాయింట్’ (2004) అనే కొరియా సినిమాను కూడా అడగాలి. వియత్నాంలో 3 లక్షలకు పైగా దక్షిణ కొరియా సైనికులు పనిచేశారు. 1972లో, చనిపోయారనుకున్న దళం నుంచి రేడియో పిలుపు వస్తే వెతకడానికి వెళ్ళిన సైనికుల కథ అది. కాంబోడియాలోని బోకర్ కొండ మీద పాడుబడిన భవనంలో తీసిన దృశ్యాలు గొప్పగా ఉంటాయి. చేతికి నెత్తురంటినవాడి అపరాధభావాన్ని అది దాచిపెట్టదు. కానీ అందులో వియత్నాం మనిషికి దక్కినది తెల్లని ఆవ్ జాయ్ అనే వియత్నాం పొడుగు దుస్తులు వేసుకుని మాట పలకకుండా నిలబడే ఆడదయ్యం వేషం. చచ్చిపోయింది ఆమె, బాధ మాత్రం చంపినవాళ్ళది. ఇలాంటి సినిమాలు చాలా ఉన్నాయి. ఉత్తరపు గది గారు చెప్పిన దాక్కోవడం అంటే ఇదేనని నేననుకుంటాను.

దీనికి జవాబుగా తీసినట్టే నాకు కనిపించేది హైరో బుస్తమాంతే గ్వాటెమాలాలో తీసిన ‘లా యోరోనా’ (2019). ఆ దేశంలో 1960 నుంచి 1996 దాకా సాగిన అంతర్యుద్ధంలో 2 లక్షల మందికి పైగా చనిపోయారు లేదా మాయమయ్యారు. వారిలో అత్యధికులు ఆ నేల ఆదివాసులైన మాయా ప్రజలు. 1982–83లో దేశాన్ని ఏలిన సైన్యాధికారి ఎఫ్రాయిన్ రియోస్ మోంట్‌ను ఇషిల్ మాయా ప్రజల జాతిసంహారం నేరం మీద 2013 మే 10న న్యాయస్థానం దోషిగా తేల్చి 80 ఏళ్ళ శిక్ష వేసింది. పది రోజులకే రాజ్యాంగ న్యాయస్థానం ఆ తీర్పును కొట్టివేసింది. 2018లో ఆయన ఇంట్లోనే చనిపోయాడు. సినిమాలోని ముసలి జనరల్ పేరు వేరు కానీ ఆ దేశంలో ఎవరికీ ఎవరి కథో చెప్పనక్కరలేదు.

ఆ తీర్పు సన్నివేశానికి ముందు ఒక వృద్ధురాలి సాక్ష్యం ఉంటుంది. ముఖం మీద ముసుగు. ఆమె తన భాషలో చెబుతుంటే ఒకరు స్పానిష్‌లోకి మారుస్తుంటారు. కెమెరా ముందు ఆ ముసుగుకు దగ్గరగా ఉంటుంది. ఆమె చెబుతున్నకొద్దీ అంగుళం అంగుళంగా వెనక్కి జరిగి, వెనక కూర్చున్న అలాంటి ఆడవాళ్ళను, ఆ తరవాత నిండు న్యాయస్థానాన్ని చూపిస్తుంది. ఇంతవరకు ఏ మాయా లేదు. సాక్ష్యం చెప్పారు, తీర్పు వచ్చింది, తీర్పు పోయింది. అప్పుడు జనరల్ ఇంటికి అల్మా అనే కొత్త పనిమనిషి వస్తుంది. రాత్రుళ్ళు ఏడుపు వినిపిస్తుంది, కుళాయిలు వాటంతటవే తిరుగుతాయి, ఆమె జనరల్ మనవరాలికి నీళ్ళలో ఊపిరి బిగబట్టడం నేర్పుతుంది. బయట రాత్రింబగళ్ళు జనం, మాయమైనవారి ఫొటోలు పట్టుకుని.

లా యోరోనా అంటే ఏడ్చే ఆడది. తన పిల్లలను తానే నీళ్ళలో ముంచి చంపుకుని, నదుల వెంట ఏడుస్తూ తిరిగేదని లాటిన్ అమెరికాలో పిల్లలను భయపెట్టడానికి చెప్పే కథ. బుస్తమాంతే చేసిన పని, పిల్లలను ముంచింది తల్లి కాదు, సైనికులు అని ఆ కథనే తిరగరాయడం. ఆ ఆడవాళ్ళు సాక్ష్యం చెప్పినప్పుడు వారిని వేశ్యలని తిట్టిన జనరల్ భార్యకే కలలు వస్తాయి. ఆ కలలో ఆమె మొక్కజొన్న చేలో ఇద్దరు పిల్లలను పట్టుకుని పరుగెత్తే మాయా తల్లి. ఇంకొకరి ఒంట్లోకి దూరి ఇంకొకరి భయాన్ని అనుభవించడం దయ్యం కథలో తప్ప ఎక్కడా కుదరదు. న్యాయస్థానం చేయలేకపోయిన పనిని దయ్యానికి అప్పగించిన సినిమా ఇది. దయ్యం కావాలా వద్దా అన్నది నాకు రెండో ప్రశ్న, అది ఎవరి గుమ్మం ముందు నిలబడింది అన్నదే మొదటిది.

సమాధానం: గట్టుమీద మర్రి

ఇంతసేపు జపాన్, టెహ్రాన్, గ్వాటెమాలాల గురించి మాట్లాడుకున్నాం. యుద్ధమృతులు తిరిగివచ్చే రాత్రి మనకూ ఒకటి ఉందని గుర్తుచేయడానికి రాస్తున్నాను.

భారతం ఆశ్రమవాస పర్వంలో, కురుక్షేత్రం జరిగి పదిహేనేళ్ళు దాటాక, అడవిలో ఉన్న ధృతరాష్ట్రుడు, గాంధారి, కుంతిని చూడడానికి పాండవులు పరివారంతో వస్తారు. అన్నేళ్ళయినా ఎవరి దుఃఖమూ ఆరలేదు. అప్పుడు వ్యాసుడు భాగీరథిలో దిగి చనిపోయినవారందరినీ పిలుస్తాడు. నీళ్ళలోంచి సేనలు కదిలిన రొదతో భీష్మద్రోణులు, కర్ణుడు, దుర్యోధనుడు, అభిమన్యుడు, ద్రౌపది కొడుకులు లేచివస్తారు. గుడ్డిరాజుకు చూపు వస్తుంది. వచ్చినవారిలో కోపం లేదు, వైరం లేదు. ఒక్క రాత్రి అందరూ కలిసి ఉంటారు. తెల్లవారేసరికి వెళ్ళిపోతారు. తిక్కన తెనిగించిన పర్వాల్లో ఇది చిన్నదే కానీ, పాత రీలు గారు వర్ణించిన ఆ పొయ్యి దగ్గరి రాత్రి చదువుతుంటే నాకు ఇదే కళ్ళముందు కదిలింది.

దీనికి పూర్తిగా ఎదురుగా నిలబడేది ఫ్రెంచి దర్శకుడు ఆబెల్ గాన్స్ 1919లో తీసిన ‘జక్యూజ్’. అందులో చనిపోయిన సైనికులు పొలంలోంచి లేచి తమ ఊళ్ళకు నడిచి వస్తారు, తమ చావుకు తగ్గట్టుగా బతికున్నవాళ్ళు బతుకుతున్నారా అని చూడడానికి. ఆ మృతులుగా నటించినవాళ్ళు మొదటి ప్రపంచయుద్ధపు వెర్డన్ రణరంగం నుంచి సెలవు మీద వచ్చిన నిజమైన సైనికులు. వారిలో చాలామంది తిరిగి వెళ్ళి కొద్దివారాల్లోనే చనిపోయారని గాన్స్ తరవాత చెప్పాడు. 1938లో ఇంకో యుద్ధం ముంచుకొస్తుంటే ఆయన అదే సినిమాను మళ్ళీ తీశాడు. ఈసారి లేచివచ్చినవాళ్ళలో మొదటి యుద్ధంలో ముఖాలు ఛిద్రమైన మాజీ సైనికులు ఉన్నారు. వారికి వేషం వేయనక్కరలేకపోయింది.

మన పర్వంలో మృతులు ఎవరినీ ఏమీ అడగరు. అది ఓదార్పు కోసం చెప్పిన కథ అనే నేను చిన్నప్పటి నుంచి విన్నాను. పెద్దయ్యాక చదివితే ఆ తరవాతి భాగం దగ్గర ఆగిపోయాను. తెల్లవారుజామున వ్యాసుడు, భర్తల లోకానికి పోదలచిన భార్యలు గంగలో దిగవచ్చునంటాడు. వాళ్ళు దిగుతారు. ఆ తరవాత ఒడ్డున ఎవరు మిగిలారో తలుచుకుంటే, యుద్ధం పదిహేనేళ్ళ తరవాత కూడా మనుషులను తీసుకుపోతూనే ఉందని తెలుస్తుంది. చనిపోయినవారిని ఒక్క రాత్రి చూపించినందుకు ఆ కథ తీసుకున్న వెల అది. రెండో ఆట గారు అడిగిన ప్రశ్నను నేను ఈ పర్వాన్ని కూడా అడుగుతున్నాను, నాకింకా జవాబు దొరకలేదు.

ఉత్తరపు గది

అందరికీ కృతజ్ఞతలు. ఈ పది రోజుల్లో ఉగెత్సు చూశాను. దానితోపాటు, డాంగ్ న్యాత్ మిన్ తీసిన ‘పదో నెల వచ్చినప్పుడు’ (1984) అనే వియత్నాం చిత్రం కూడా చూశాను. రెండో ఆట గారు చెప్పిన ఆ టేపు గురించి చదివాక, అక్కడివాళ్ళే తమ ఆత్మల గురించి ఏం చెప్పుకున్నారో తెలుసుకోవాలనిపించింది.

అందులో జుయెన్ అనే కోడలికి భర్త చనిపోయిన కబురు తెలుస్తుంది. మంచాన పడ్డ మామగారికి ఆ మాట చెప్పలేక, ఊరి బడిపంతులు చేత భర్త పేరుతో ఉత్తరాలు రాయిస్తుంది. ముసలాయన వాటిని విని సంతోషిస్తుంటాడు. ఊరి నాటకంలో భర్తకు వీడ్కోలు చెప్పే భార్య వేషం వేసి, మధ్యలో పాట సాగక ఏడుస్తూ వెళ్ళిపోతుంది. ఏడో నెల పున్నమినాడు బతికినవారు, చనిపోయినవారు కలుసుకునే సంతలో ఆమెకు భర్త కనిపిస్తాడు. ఆ సంత సినిమాలో కొద్దిసేపే. మిగతా అంతా మట్టి ఇల్లు, పొలం, నది. ఆమె ఎవరి ఎదుటా ఏడవలేని మనిషి కాబట్టి ఏడవడానికి ఆ సంత ఒక్కటే చోటు. అక్కడ దయ్యం ఎందుకు అని అడగాలని నాకు ఒక్కసారి కూడా అనిపించలేదు.

నా ప్రశ్నలో సగాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. మా అమ్మమ్మ చెయ్యి ఆవిడను ఎరిగిన మాకు చాలు. ఎరగనివారికి అది ఒక ముసలావిడ అలవాటు, అంతే. ఆవిడ ఏ విమానాన్ని చూసి దీపం ఆర్పేదో వారికి కనబడాలంటే, సినిమా ఆ విమానాన్ని మా వరండా మీదికి తీసుకురావలసి వస్తుంది. మిగిలిన సగం అలాగే ఉంది. ఆ విమానం ఎవరిదో, ఎవరు పంపారో కూడా ఆ సినిమా చెప్పాలని నేను ఇప్పటికీ అడుగుతాను.

పాత రీలు గారికి ఒక చిన్న ప్రశ్న. ఉగెత్సు చివర పిల్లవాడు అన్నం గిన్నె పట్టుకుని వెళ్ళి తల్లి సమాధి దగ్గర పెడతాడు, కెమెరా మెల్లగా పైకి లేచి పొలాల వైపు చూస్తుంది. తండ్రి ఆ పక్కనే సారె తిప్పుకుంటూ భార్య గొంతు వింటున్నాడు. ఆ గొంతు పిల్లవాడికి వినిపించినట్టు దర్శకుడు ఎక్కడా చూపించలేదని నాకనిపించింది. నేను సరిగా చూశానా, లేక ఏదైనా జారవిడిచానా? ఆదివారం మా అమ్మతో కలిసి లా యోరోనా చూస్తాను. ఆ వృద్ధురాలి సాక్ష్యం దగ్గర ఆవిడ ఏమంటుందో ఇక్కడే రాస్తాను.